నల్ల పంపు

ఇల్లు కూల్చడం మనకి తెలిసిన పనే. పొక్లెయిన్ వస్తుంది, గోడని ఒక్క పోటు పొడుస్తుంది, దుమ్ము లేస్తుంది, సాయంత్రానికి రాళ్లకుప్ప. హోయర్స్‌వెర్డాలో ఎన్నో ఇళ్లు అలా పోలేదు. వాటిని విప్పారు. క్రేను కొక్కేలు దించి పై అంతస్తు కప్పు పలకని ఎత్తి కింద పెట్టేది. తర్వాత ఒక గోడ. ఆ తర్వాత దాని పక్క గోడ. కట్టిన నాడు ఏ వరసలో నిలబెట్టారో, దాన్ని తిరగేసిన వరసలో ఒక్కో పలకా దిగేది. ఆ మధ్యలో కాసేపు కాపురాల లోపలి సంగతంతా వీధిన పడేది. ఒక గది గోడకి నారింజ పూల కాగితం, పక్కగదికి ఆకుపచ్చ చారల కాగితం, స్నానాలగది ఉన్నచోట అరగోడ మేర తెల్ల టైల్స్. మూడో అంతస్తు గుమ్మం తెరుచుకుంటే అవతల ఆకాశం.

చివర నిలబెట్టిన పలక ముందు దిగుతుంది. ఆ ఊరి కథ మొత్తం ఆ వరసలోనే నడిచింది.

హోయర్స్‌వెర్డా జర్మనీ తూర్పు అంచున, పోలండ్‌కి దగ్గర్లో, లౌసిట్స్ అనే ఇసుకనేలల ప్రాంతంలో ఉంది. జర్మన్ల కంటే ముందు నుంచీ అక్కడ సోర్బులనే స్లావు జాతి వాళ్లున్నారు. వాళ్ల భాష వేరు, పండగలు వేరు. వాళ్ల నోట ఆ ఊరు వోయెరెట్సీ. నల్ల ఎల్‌స్టర్ అనే చిన్న ఏరు, ఒడ్డున ఓ సంత ఊరు, చుట్టూ దేవదారు తోపులు, చేపల చెరువులు. 1955 నాటికి జనాభా ఎనిమిది వేలకి మించలేదు. కంప్యూటరు చరిత్రలో పెద్ద పేరైన కోన్రాడ్ త్సూజె 1928లో బడిచదువు ముగించింది అక్కడే. ఊరు చెప్పుకోవడానికి అప్పటికి అంతకంటే పెద్దగా ఏమీ లేదు. చెప్పుకోదగ్గదంతా నేల కింద ఉంది.

ఊరికి ఉత్తరాన 'ష్వార్ట్సె పుంపె' అనే చోటొకటి. మాటకి అర్థం నల్ల పంపు. పేరెలా వచ్చిందంటే ఒక కథ చెబుతారు. ముప్పై ఏళ్ల యుద్ధం రోజుల్లో సైన్యం వస్తోందని తెలిసి, అక్కడి సత్రం ముందున్న నీళ్ల పంపుకి నల్లరంగు పూశారట. ప్లేగు తగిలిన ఊరికి అది గుర్తు. సైనికులు చూసి హడలిపోయి దారి మళ్లారట. నిజమో కాదో గానీ, బయటివాణ్ణి గుమ్మంలోంచే తిప్పి పంపిన ఆ కథలోని పేరే, ఎక్కడెక్కడి వాళ్లనో రమ్మని పిలిచిన ఒక మహా కర్మాగారానికి పెట్టారు. 1955 ఆగస్టు 31న దానికి శంకుస్థాపన.

ఎందుకు పిలిచారంటే, తూర్పు జర్మనీకి వేరే దిక్కు లేదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక దేశం రెండు ముక్కలైంది. మేలైన బొగ్గున్న రూర్ పశ్చిమానికి పోయింది, సైలీషియా పోలండ్ పాలైంది. తూర్పుకి మిగిలింది లిగ్నైట్. నెయ్‌వేలి వైపు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, గోధుమరంగు మట్టిగడ్డలా ఉండే బొగ్గు. లౌసిట్స్ లిగ్నైట్‌లో తూకానికి సగం పైన నీళ్లే. దాన్ని ఎండబెట్టి, ఒత్తి, ఇటుకలు చేస్తే గానీ పొయ్యిలో నిలవదు. ఆ ఇటుకలు చేసే ఫ్యాక్టరీలు, కరెంటు ప్లాంట్లు, ఊళ్లకి వంటగ్యాసు పంపే గ్యాసు ప్లాంటు అన్నీ ఒకే ఆవరణలో రావాలి. దేశమంతా చలి కాచుకోవాల్సిన పొయ్యి అది. దానికి వేల చేతులు కావాలి. ఆ చేతులున్న మనుషులకి ఇళ్లు కావాలి.

ఊరి నమూనా పని రిచర్డ్ పౌలిక్ చేతికొచ్చింది. ఆయన బౌహౌస్ వాస్తుకళా పాఠశాల గ్రోపియస్ దగ్గర పనిచేసినవాడు, హిట్లర్ కాలమంతా షాంఘైలో తలదాచుకుని తిరిగొచ్చినవాడు. తర్వాత్తర్వాత హాలె-నొయ్‌స్టాట్ అనే ఇంకా పెద్ద కొత్త ఊరు కూడా ఆయన పేరు మీదే లేచింది. హోయర్స్‌వెర్డాలో ఏటికి ఆవలి ఒడ్డున కొత్త పట్నం కట్టాలన్నారు. ఇటుక మీద ఇటుక పేర్చే కాలం పోయిందని, గ్రోస్ త్సైసిగ్ పల్లె దగ్గర కాంక్రీటు పలకలు పోతపోసే ఫ్యాక్టరీ పెట్టారు. కిటికీ సహా గోడ ఫ్యాక్టరీలో తయారవుతుంది, పట్టాల మీద నడిచే క్రేను దాన్ని ఎత్తి నిలబెడుతుంది. 1957లో పని మొదలైంది. తూర్పు జర్మనీలో ఆ తర్వాత ముప్పై ఏళ్లు వెలిసిన పలకల కాలనీలన్నిటికీ తొలి పాఠశాల ఇదే.

పేటలకి పేర్లు పెట్టలేదు, అంకెలు వేశారు. ఒకటో నివాస సముదాయం, రెండోది, మూడోది, అలా పదో దాకా. ఒక్కో సముదాయానికి బడి, పసిపిల్లల కేంద్రం, సరుకుల అంగడి. ఇవాళ చూస్తే ఆ పెట్టెల వరసలు మనకి ఆనవు. అప్పట్లో తాళంచెవి చేతికందినవాళ్లకి మాత్రం అది స్వర్గం. బాంబులు పడ్డ ఊళ్ల నుంచి, సరిహద్దులు మారి సైలీషియా నుంచి తరిమేస్తే వచ్చిన కుటుంబాల నుంచి, మెట్ల మలుపులో నాలుగిళ్లకీ ఒకటే దొడ్డి ఉన్న పాత అద్దెకొంపల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకి కుళాయిలో వేడినీళ్లు, సొంత స్నానాలగది, గొట్టాల్లో నడిచొచ్చే వెచ్చదనం. దేశమంతా బొగ్గు బకెట్టు మోస్తూ మెట్లెక్కుతుంటే, బొగ్గు తవ్వేవాడి ఇంట్లో బొగ్గు పొయ్యి లేదు.

పసివాళ్ల బండ్లు వీధుల నిండా. దేశంలోకెల్లా ఎక్కువ పిల్లలున్న ఊరని పేరు పడింది. తెల్లారకముందే షిఫ్టు బస్సులు వరసకట్టేవి. ఆ సందడి కొత్తగూడెం, గోదావరిఖని వాళ్లకి చెప్పక్కర్లేదు. బాయి పిలుపుని బట్టి ఊరు నిద్రపోయి, ఊరు లేస్తుంది.

*

1960 జనవరిలో ఒక రచయిత్రి ఆ ఊరికి కాపురం వచ్చింది. పేరు బ్రిగిట్టె రైమాన్, వయసు 26. రచయితలు ఫ్యాక్టరీల్లోకి వెళ్లాలి, కార్మికులు కలం పట్టాలి అని అంతకు ముందు ఏడాదే అధికార పార్టీ పిలుపునిచ్చింది. చాలామంది ఆ పిలుపుని ఉపన్యాసాల్లో తీర్చుకున్నారు. ఈమె నిజంగానే పెట్టె సర్దుకుని వచ్చేసింది. భర్త జీగ్‌ఫ్రీడ్ పిచ్‌మాన్ కూడా రచయితే. ఇద్దరికీ పలకల ఇంట్లో ఒక ఫ్లాటు. వారంలో ఒకరోజు నల్ల పంపులో కార్మికుల బృందంతో పని, మిగతా రోజులు రాత. రాయాలన్న ఆశ ఉన్న కార్మికులకి ఇద్దరూ పాఠాలు చెప్పారు. 1961లో వచ్చిన ఆమె నవల పేరు మీదుగానే ఆ తరం సాహిత్యానికి 'ఆగమన సాహిత్యం' అన్న పేరు స్థిరపడింది. కొత్త జీవితంలోకి చేరుకున్నవాళ్ల సాహిత్యం అని.

ఆమెకి ఊరంటే ప్రేమ. అందుకే కోపం కూడా. ఇళ్లు లేస్తున్నాయి, ఊరు లేవడంలేదు. సినిమాహాలు ఏది? నాటకశాల ఏది? పని లేకుండా కాసేపు కూర్చోవడానికి కాఫీ దుకాణం ఏది? ఊరి నడిబొడ్డు అని నమూనాలో గీసిన చోట ఏళ్ల తరబడి గాలి, ఇసుక. డబ్బు ఇళ్లకే చాలడంలేదు, మిగతావి తర్వాత చూద్దామన్నారు. 1963లో ఆమె లేవదీసిన వాదు, హోయర్స్‌వెర్డాలో ముద్దు పెట్టుకోవచ్చా అన్న ప్రశ్నగా జనం నోళ్లలో నిలిచిపోయింది. అల్లరిగా వినిపిస్తుంది గానీ ఒక పట్నం మీద వేసిన పరీక్షల్లో ఇంత సూటైంది నేను చూడలేదు. నిద్రకి చోటుంది, పనికి చోటుంది, ఆ రెంటికీ నడుమ మనిషి నిలబడడానికి చోటుందా అనే కదా అడుగుతోంది.

ఆ ప్రశ్నే నవలైంది. 'ఫ్రాన్సిస్కా లింకర్‌హాండ్' కథానాయిక ఒక యువ ఆర్కిటెక్టు. మంచి ఊరు కట్టాలని కలగని వచ్చి, పలకల లెక్కల్లో, గడువుల్లో కూరుకుపోతుంది. దాదాపు పదేళ్లు రాసింది రైమాన్. 1968లో ఊరు విడిచి నొయ్‌బ్రాండెన్‌బుర్గ్ వెళ్లింది, అప్పటికే ఒంట్లో క్యాన్సర్. 1973 ఫిబ్రవరిలో, 39 ఏళ్లకి, చివరి అధ్యాయం ముగించకుండానే పోయింది. మరుసటేడు నవల అచ్చయింది, కొన్ని చోట్ల కత్తిరింపులతో. పూర్తి పాఠం రావడానికి 1998 దాకా ఆగాల్సొచ్చింది. కత్తిరించిన దేశమే అప్పటికి లేదు.

నడిబొడ్డున డిపార్ట్‌మెంట్ స్టోరు 1968లో వచ్చింది. సభలకీ పాటకచేరీలకీ పెద్ద హాలు, గని కార్మికులూ కరెంటు కార్మికుల భవనం పేరుతో, 1984లో తెరిచారు. 1980ల మొదట్లో జనాభా 70 వేలు దాటింది. ఊరికి గుండె అమరే సరికి వయసు మీరింది.

*

ఇంత వెచ్చదనానికి మూల్యం చెల్లించింది చుట్టుపక్కల పల్లెలు. లిగ్నైట్ లోతులో ఉండదు, కనక బాయి తవ్వరు. పైనున్న నేలంతా ఒలిచేస్తారు, మన భాషలో ఓసీ. ఓపెన్‌కాస్ట్ వచ్చిందంటే ఏమవుతుందో సింగరేణి పక్క ఊళ్లని అడగాలి. లౌసిట్స్‌లో 130కి పైగా ఊళ్లు పూర్తిగానో కొంతో గనిలోకి పోయాయి, ఎక్కువ భాగం సోర్బులవి. చర్చి, శ్మశానం, పెరట్లో ఆపిల్ చెట్టు, ఆ పెరట్లో మాట్లాడే భాష. ఊరు చెదిరి పట్నంలో ఫ్లాట్లెక్కిన తర్వాత ఆ పిల్లలు బడిలో జర్మనే మాట్లాడారు. పలకల ఇంటి గోడ పల్చన. సోర్బు భాష దాని అవతలికి వినిపించలేదు.

గని అంచున నిలబడి ఊరుని చూసినవాడు ఇంకొకడున్నాడు. గెర్‌హార్డ్ గుండర్‌మాన్, ఎక్స్‌కవేటరు డ్రైవరు, పాటగాడు. రాత్రి షిఫ్టులో కేబిన్‌లో కూర్చుని యంత్రాన్ని నడుపుతూ పాటలు కట్టేవాడు. పేరొచ్చాక కూడా డ్యూటీ మానలేదు. సాయంత్రం కచేరీ, తెల్లారేసరికి గనిలో. తవ్విన నేల మీద, పోయిన ఊళ్ల మీద, తన చేతి పని మీద తనే పాడాడు. నోరు ఊరుకోదు కనక పార్టీ బయటికి గెంటింది. రహస్య పోలీసులకి కొన్నేళ్లు సమాచారం చేరవేసింది తనే, తర్వాత వాళ్ల నిఘాలో చిక్కుకున్నదీ తనే. 1990లలో ఆ సంగతి బయటపడింది. మంచివాడా చెడ్డవాడా అని నిలదీసేవాళ్లకి ఆ జీవితం సుళువుగా లొంగదు. ఆండ్రియాస్ డ్రేజెన్ 2018లో తీసిన సినిమా కూడా ఆ తీర్పు జోలికి పోలేదు.

*

1989 నవంబరులో బెర్లిన్ గోడ పోయింది, 1990 అక్టోబరు 3న తూర్పు జర్మనీ అనే దేశమే పోయింది. 1989లో లౌసిట్స్ గనులు 19.5 కోట్ల టన్నుల బొగ్గు తీశాయి, సుమారు 79 వేల మందికి అన్నం పెట్టాయి. పదేళ్లు తిరిగేసరికి తవ్వకం 5 కోట్ల టన్నుల చిల్లరకి, పనివాళ్లు పదో వంతుకి దిగారు. సహజవాయువు గొట్టాలు వచ్చేశాక నల్ల పంపు గ్యాసు ఎవరికి కావాలి? లిష్టెర్‌ఫెల్డ్ దగ్గర 502 మీటర్ల పొడవున్న మట్టిమోత వంతెన యంత్రం, 11 వేల టన్నుల ఇనుము, 1991లో పని మొదలెట్టి ఏడాది పైచిలుకుకే 1992లో ఆగిపోయింది. ఇప్పుడు టిక్కెట్టు కొని ఎక్కుతున్నారు. నేలకొరిగిన ఈఫిల్ టవర్ అని ముద్దుపేరు.

పలకలు విప్పే వరస ఇక్కడే మొదలైంది. కాకపోతే మొదట దిగింది కాంక్రీటు కాదు, మనుషులు.

ఊరికి చివర వచ్చినవాళ్లు మొజాంబిక్, వియత్నాం కార్మికులు. తూర్పు జర్మనీ, మొజాంబిక్ 1979లో ఒప్పందం చేసుకున్నాయి. ఆ కుర్రాళ్లు కొన్నేళ్లు పనిచేసి, పని నేర్చుకుని వెళ్తారని. జీతంలో కొంత భాగం, కొన్నేళ్లు సగానికి మించి, చేతికివ్వకుండా పట్టి ఉంచారు. ఇంటికెళ్లాక సొంత ప్రభుత్వం ఇస్తుందని చెప్పారు. ఆ సొమ్ము నిజానికి రెండు దేశాల మధ్య అప్పుల ఖాతాలో సర్దుబాటైపోయింది. హోయర్స్‌వెర్డాలో మొజాంబిక్ వాళ్లు పనిచేసింది బొగ్గులోనే. ఒకే గని, ఒకే షిఫ్టు, ఒకే బూడిద. హాస్టలు మాత్రం వేరు, గుమ్మం దగ్గర రాకపోకలకి లెక్క వేరు.

1991 సెప్టెంబరు 17న సంత వీధిలో వియత్నాం చిరువ్యాపారుల మీద నాజీ కుర్రమూక పడింది. వాళ్లు పారిపోయి కార్మికుల హాస్టల్లో దూరారు. మూక వెంటబడింది, రాళ్లు, తర్వాత పెట్రోలు సీసాలు. ఇంతవరకు ఎక్కడైనా జరిగేదే అనుకోవచ్చు. ఎక్కడా జరగకూడనిది ఆ తర్వాత జరిగింది. ఇరుగుపొరుగు దిగొచ్చారు. ఆపడానికి కాదు, చూడడానికి. చూసి చప్పట్లు కొట్టడానికి. వందల మంది, రోజుల తరబడి. హాస్టల్ అయ్యాక శరణార్థులున్న భవనం వంతు. 30 మందికి పైగా గాయపడ్డారు. పోలీసులు మూకని చెదరగొట్టలేదు, దెబ్బలు తిన్నవాళ్లని బస్సులెక్కించి ఊరు దాటించారు. బస్సుల మీదా రాళ్లు పడ్డాయి. విదేశీయులు లేని ఊరు అని మూక గొప్పగా చాటుకున్న ఆ మాటని జర్మన్ భాషా పండితులు ఆ ఏటి హేయపదంగా ఎంచారు.

ఉద్యోగాలు పోయిన కడుపుమంట అని చాలామంది సర్దిచెప్పారు. అర్ధసత్యం అది. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో ఆ ఊళ్లో తాతముత్తాతలున్నవాళ్లు ఎందరు? ముప్పై అయిదేళ్ల కింద ఆ కొత్తపట్నంలో ఒక్క మనిషీ లేడు. ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు మూట దించుకుని నిలబడినవాళ్లే. పంపుకి నల్లరంగు పూసింది వాళ్లే.

తర్వాత వరస వాళ్ల పిల్లలది. దేశంలోకెల్లా ఎక్కువ పిల్లలున్న ఊరు కదా, వెళ్లడానికీ వాళ్లే ఎక్కువ. మ్యూనిక్, ష్టుట్‌గార్ట్, ఎక్కడ పని దొరికితే అక్కడ. ఆడపిల్లలు ముందు వెళ్లారు. పశ్చిమంలో వాళ్లు నోరు విప్పగానే యాస పట్టుకుని, ఏ ఊరు మీది అని అడిగేవారు. ఊరి పేరు చెబితే ఎదుటివాళ్లు ఒక్క క్షణం మాట్లాడరు. బడులు మూతపడ్డాయి. అప్పుడు ఇళ్ల వంతొచ్చింది. పదో సముదాయం, తొమ్మిదోది, చివర కట్టినవి ముందు. ఊరు బయటి అంచు నుంచి లోపలికి ముడుచుకుంది. వేల ఫ్లాట్లు పోయాయి. వాటి స్థానంలో గడ్డి. నీటుగా కత్తిరించిన గడ్డి, దాని మధ్యలో వీధిదీపాలు, ఎక్కడికీ పోని కాలిబాట.

గుండర్‌మాన్ గని కూడా మూతపడింది. వడ్రంగం నేర్చుకోవడానికి వెళ్లాడు. 1998 జూన్‌లో 43 ఏళ్లకి పోయాడు.

నేల ఒక్కటే తన పాత స్థితికి తిరిగి వెళ్లాలని చూస్తోంది. గని ఎండిపొడిగా ఉండడానికి దశాబ్దాలు భూగర్భజలాన్ని తోడేశారు. పంపులు ఆగేసరికి నీరు పైకి రావడం మొదలెట్టింది. గోతులు చెరువులయ్యాయి. ఊరికి ఆనుకుని షైబె అని సోర్బుల పల్లె ఉండేది. 1980లలో గని మింగింది. ఆ గని పేరూ షైబె. ఇప్పుడు అక్కడున్న చెరువు పేరూ షైబె. తెరచాప పడవలు తిరుగుతున్నాయి, ఇసుక ఒడ్డున పిల్లలు ఆడుతున్నారు. నీరు అద్దంలా ఉంటుంది, కొన్ని చెరువుల్లో మరీ అద్దంలా ఉంటుంది. తవ్వినప్పుడు గాలి తగిలిన గంధకపు ఖనిజం నీళ్లతో కలిసి ఆమ్లమవుతుంది, అందులో చేప బతకదు. పడవల మీద సున్నం తెచ్చి చల్లుతారు. ష్ప్రే నదిలోకి ఇనుము దిగి నీళ్లు తుప్పురంగుకి తిరుగుతాయి. గనిమట్టి పోసిన నేలకి తడి తగిలితే ఉన్నట్టుండి కారిపోతుంది. 2010 అక్టోబరులో బెర్గెన్ పల్లె దగ్గర అలాగే పెద్ద మేర నేల జారి, లారీలూ గొర్రెలూ అందులో కూరుకుపోయాయి. నిషేధమని రాసిన పసుపు బోర్డులు అడవి అంచున ఇప్పటికీ కనిపిస్తాయి.

నల్ల పంపులో పాతవి పోగా 1990ల చివర్లో వచ్చిన ఒక కరెంటు ప్లాంటు పొగ వదులుతోంది. 2038 నాటికి జర్మనీలో బొగ్గు ఆగిపోవాలని 2020లో చట్టం చేశారు. హోయర్స్‌వెర్డాలో ఇప్పుడు ముప్పై వేల పైచిలుకు జనం, సగటు వయసు 50 దాటింది. తొలి సముదాయాల్లో తొలి తాళంచెవులు అందుకున్నవాళ్లలో కొందరు ఆ ఫ్లాట్లలోనే ఉన్నారు. 1991 దాడుల గుర్తుగా 2014లో నల్లరాతితో ఒక తలుపు నిలబెట్టారు, తెరిచి ఉన్నట్టుగా.

మొజాంబిక్ రాజధాని మాపుతోలో బుధవారం మధ్యాహ్నాలు ఒక ఊరేగింపు సాగుతుంది. జర్మనీ నుంచి తిరిగొచ్చినవాళ్లని అక్కడ 'మాజెర్మనె' అంటారు. పట్టి ఉంచిన జీతం ఇమ్మని మూడు దశాబ్దాలుగా తిరుగుతూనే ఉన్నారు. వెళ్లినప్పుడు ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, ఇప్పుడు తలలు నెరిశాయి, వరస ఏటేటా పల్చబడుతోంది. ఎండలో డప్పు కొట్టుకుంటూ, జర్మన్‌లో నాలుగు మాటలు అరుచుకుంటూ నడుస్తారు. ఇప్పుడు లేని దేశపు జెండా వాళ్ల చేతుల్లో ఎగురుతూ ఉంటుంది. నలుపు, ఎరుపు, పసుపు చారల నడుమ గింజకంకుల దండ, దండలో సుత్తి, సుత్తి మీద ఊళ్లు గీసేవాడి వృత్తలేఖిని.